నొప్పి ఉన్న ఒంట్లో మార్ఫిన్

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కేన్సర్ రోగికి డాక్టరు మార్ఫిన్ రాస్తే చాలా ఇళ్లలో ముందు పుట్టేది భయం. ఇప్పుడే అలవాటు చేస్తే, రేపు జబ్బు ముదిరాక ఏ మందూ పట్టదేమోనని. ఆ భయంలో కొంత నిజముంది. మార్ఫిన్ వరసగా పడితే నాడీకణాల మీది గ్రాహకాలు మొద్దుబారతాయి, మొదట్లో సరిపోయిన డోసు చాలకుండా పోతుంది. అయితే ఆ మందు పడుతున్న ఒంట్లో అప్పటికే నొప్పి ఉందా లేదా అన్నది ఈ లెక్కను మార్చేస్తుంది. 1990లలో ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో, నొప్పి లేని ఎలుకలకు రోజూ మార్ఫిన్ ఇస్తే దాని పనితనం త్వరగా తగ్గింది. పాదంలో నొప్పి పుట్టించే ఫార్మలిన్ ఎక్కించి, నొప్పి రేగినప్పుడే మార్ఫిన్ ఇచ్చిన ఎలుకల్లో ఆ తగ్గుదల అంతగా కనిపించలేదు.

ఎందుకలా? పరిశోధకుల చూపు ఒత్తిడి హార్మోన్ల మీద పడింది, నొప్పికి ఊరే ఈ హార్మోన్లే మార్ఫిన్ పనితనం తగ్గకుండా అడ్డుకుంటున్నాయేమోనని. నొప్పి పుట్టగానే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్‌ను వదులుతుంది, దాని పిలుపుతో అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ విడుదల చేస్తాయి. ఏసీటీహెచ్ ఏ పెద్ద ప్రొటీన్ నుంచి తెగి వస్తుందో, ఒంట్లో సహజంగా ఊరే నొప్పినివారిణి బీటా ఎండార్ఫిన్ కూడా దాన్నుంచే వస్తుంది. ఒత్తిడి, నొప్పి, మార్ఫిన్ మూడూ ఒకే యంత్రాంగాన్ని కదిలిస్తాయన్నమాట. చాలాకాలం మార్ఫిన్ వాడితే ఆ యంత్రాంగమే మందగించి కార్టిసాల్ తగ్గవచ్చు.

ఎలుకల సంగతి మనుషులకు చెల్లుతుందా అని అడగడం న్యాయమే. 1967లో డాక్టర్ సిసిలీ సాండర్స్ అంత్యదశ రోగుల కోసం లండన్‌లో స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌లో, వేళ తప్పకుండా నోటి ద్వారా మార్ఫిన్ తీసుకున్న కేన్సర్ రోగుల్లో చాలామందికి డోసు ఒకచోట కుదురుకుంది. పెంచాల్సి వచ్చినప్పుడు ఎక్కువసార్లు కారణం జబ్బు ముదరడమే. దాచుకుంటే రేపటికి మిగిలే మందు కాదిది. ఈ రోజు నొప్పిని ఓర్చుకోమనడం రోగికి అన్యాయం.

మరి పత్తి తీతలకూ మిరప కోతలకూ వంగి వంగి నడుం పట్టేసిన కూలీలకు ఇదే మందు ఇవ్వొచ్చా? ఇక్కడ నా జవాబు కచ్చితంగా వద్దనే. నొప్పి ఉన్నంత మాత్రాన మార్ఫిన్ జాతి (ఓపియాయిడ్) మందులు మేలు చేస్తాయని కాదు. 2023లో లాన్సెట్ ప్రచురించిన ఆస్ట్రేలియా పరీక్షలో, కొత్తగా వచ్చిన నడుం, మెడ నొప్పులకు ఆ జాతిదే అయిన ఆక్సికోడోన్ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదు. అమెరికాను ముంచిన ఓపియాయిడ్ల విపత్తులో దీర్ఘకాలపు నొప్పులకు విచ్చలవిడిగా రాసిన మాత్రలది పెద్ద పాత్ర. మన దగ్గర ఇదే జాతి మందు ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. అదే చట్టాన్ని 2014లో సవరించింది మాత్రం మార్ఫిన్ ఆసుపత్రులకు సులువుగా అందాలనే. రెండు నిర్ణయాలూ సరైనవే.

కాబట్టి గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లోని కేన్సర్ విభాగానికి వెళ్లే కుటుంబాలు డోసు గురించి ధైర్యంగా అడగాలి, మందును ఉన్నపళంగా ఆపకూడదు. మార్ఫిన్ వల్ల వచ్చే వికారం, మగత చాలామందిలో కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకానికి మాత్రం ఒళ్లు అలవాటు పడదు, అందుకే విరేచనం మందు కూడా మొదటి రోజు నుంచే రాయించుకోవాలి.