తుపాకీకి కాపలా కాయాల్సింది మనమే

అమెరికాలో ప్రతి 100 మందికీ 120 తుపాకులున్నాయి. స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ 2017 చివరినాటికి కట్టిన లెక్క ఇది. మొత్తం సుమారు 39 కోట్ల 30 లక్షలు. పోలీసులవీ సైన్యానివీ ఇందులో కలపలేదు, ఇవన్నీ జనం దగ్గర ఉన్నవే. ఇండియాకి అదే సంస్థ చెప్పిన అంకె 100 మందికి 5.3. అలాగని అమెరికాలో ప్రతి ఒక్కరి నడుముకీ ఒక పిస్టల్ వేలాడుతోందనుకోకూడదు. 2023లో ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్లు అడిగితే, పెద్దవాళ్లలో 32 శాతం మందే సొంత గన్ ఉందన్నారు. ఇంట్లో ఎవరికో ఒకరికి ఉందన్నవాళ్లనూ కలుపుకుంటే పదిమందిలో నలుగురు. అంటే కొన్నవాళ్లలో చాలామంది ఒకదానితో ఆగలేదు.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో మనవాళ్ల ఇళ్లలోనూ ఇప్పుడు ఈ కబుర్లు మామూలే. గ్రీన్ కార్డు చేతికొస్తుంది, ఇల్లు కొంటారు. ఏదో గ్యాస్ స్టేషన్‌లో పనిచేసే తెలుగు కుర్రాడి మీద కాల్పులు జరిగాయన్న వార్త వస్తుంది. ‘మనమూ ఒకటి కొనుక్కుంటే?’ అన్న మాట మొదలవుతుంది. టెక్సస్‌లో నా దగ్గరా ఒకటుంది కాబట్టి వారాంతపు భోజనాల్లో ఆ ప్రశ్న నా కంచం దగ్గరికే వస్తుంది. ‘ఏ మోడల్ మంచిదన్నా?’ అని అడుగుతారు. నేను తాళం గురించి మొదలుపెడతాను. ఎందుకో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

ముప్పు ఎటునుంచి

గన్ ఉన్నవాళ్లలో 72 శాతం మంది, దాన్ని ఉంచుకోవడానికి రక్షణ ఒక ముఖ్య కారణమని ప్యూ సర్వేలో చెప్పారు. మరి చావులు ఎలా జరుగుతున్నాయి? 2023లో అమెరికాలో తుపాకీ గుళ్లకు 46,728 మంది చనిపోయారు. రోజుకి 128 మంది. వాళ్లలో 27,300 మంది, అంటే 58 శాతం, ఆత్మహత్య చేసుకున్నవాళ్లు. హత్యకు గురైనవాళ్లు 17,927 మంది, 38 శాతం. ప్రమాదవశాత్తూ పేలి పోయినవాళ్లు 463 మంది. మిగిలినవి పోలీసు కాల్పులు, కారణం తేలనివి.

దొంగ కోసమని కొన్న గన్ ముందు ఎవరి మీద తిరుగుతుందో ఈ లెక్కలోనే ఉంది. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందికి పైగా జనాన్ని పన్నెండేళ్లపాటు గమనించిన స్టాన్‌ఫర్డ్ అధ్యయనం 2020లో వచ్చింది. చేతి తుపాకీ ఉన్న మగవాళ్లలో ఆత్మహత్య మరణాలు లేనివాళ్లకంటే 3 రెట్లకు పైగా, ఆడవాళ్లలో 7 రెట్లకు పైగా ఉన్నాయి. అదే బృందం 2022లో ఇంకో లెక్క తీసింది. తాము కొనకపోయినా గన్ ఉన్నవాళ్లతో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లకి, జీవిత భాగస్వామి చేతిలో ఇంట్లోనే కాల్పులకు బలయ్యే ముప్పు 7 రెట్లు ఎక్కువ. అలా పోయినవాళ్లలో 84 శాతం ఆడవాళ్లు.

గన్ చేతికి దొరికితే ఆత్మహత్యాయత్నం పదింటిలో దాదాపు తొమ్మిదిసార్లు ప్రాణం తీస్తుంది. ఒకసారి బతికి బయటపడ్డవాళ్లలో అత్యధికులు తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. ఆ ఘడియ దాటడమే ముఖ్యం. అందుకే ఉద్యోగం ఊడినా, ఇంట్లో గొడవలు ముదిరినా, ఎవరికైనా మనసు బాగా కుంగినా ఆ కొన్ని నెలలూ గన్‌ని ఇంటినుంచి పంపించేయండి. కొన్ని గన్ షాపులూ షూటింగ్ రేంజీలూ అలా దాచిపెడతాయి. అలాంటి కష్టంలో సాయానికి 988 నంబరుకి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, మెసేజీ పెట్టొచ్చు. 2022 జులై నుంచి ఇది దేశమంతటా పనిచేస్తోంది.

వీసా మీద ఉన్నవాళ్లు ఆగండి

మనవాళ్లు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇది. హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4, విజిటర్ వీసా వగైరా నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు గన్ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. 2022లో మారిన చట్టం ప్రకారం 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. పైగా దేశం నుంచి పంపించేస్తారు. మినహాయింపులు కొన్నే. అందులో మనవాళ్లకి అక్కరకొచ్చేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. అది ఉన్నా సరే, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా అడుగు వేయకండి. గ్రీన్ కార్డు వచ్చాక ఈ నిషేధం ఉండదు.

రేంజికి వెళ్లి అద్దె గన్‌తో సరదాగా నాలుగు రౌండ్లు కాల్చినా అది చేతిలో పెట్టుకున్నట్టే లెక్క. ఫ్లోరిడాలో యూనివర్సిటీ తీసేయడంతో స్టూడెంట్ వీసా హోదా పోయిన రెహైఫ్ అనే విద్యార్థి రేంజిలో కాల్చినందుకు కేసులో ఇరుక్కుని సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. తన హోదా పోయిందన్న సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాల్సిందేనని 2019లో కోర్టు అంది. తీర్పు అతనికి అనుకూలంగానే వచ్చింది. కానీ అప్పటికే ఏళ్లు గడిచిపోయాయి.

ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త. వాళ్లది విజిటర్ వీసా. ఫొటో కోసమని మామగారి చేతికి గన్ ఇస్తే ఆయనకీ తిప్పలు, ఇచ్చిన అల్లుడికీ తిప్పలు. గన్ పెట్టిన సేఫ్ కోడ్ వాళ్లకి చెప్పకండి.

ఖరీదు గన్‌తో ఆగదు

లైసెన్సున్న డీలర్ దగ్గర కొంటే 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి. 1998లో మొదలైన ఎఫ్‌బీఐ తనిఖీ వ్యవస్థలో పేరు చూస్తారు. ఎక్కువమందికి నిమిషాల్లో పనైపోతుంది. టెక్సస్‌లో ఒక మామూలు మనిషి ఇంకొకరికి అమ్ముకుంటే ఆ తనిఖీ తప్పనిసరి కాదు. ఆ దారిన వెళ్లొద్దని నా సలహా. అది దొంగ సొత్తో కాదో మీకు తెలిసే వీలుండదు. 2017 నుంచి 2021 దాకా ఐదేళ్లలో జనం దగ్గర్నుంచి పోయాయని ఫిర్యాదులొచ్చిన తుపాకులే పది లక్షలకు పైగా ఉన్నాయి.

ఇక ఖర్చు. మంచి 9 ఎంఎం పిస్టల్ ఒకటి సుమారు 500 నుంచి 600 డాలర్లు. తూటా ఒక్కోటి 25 నుంచి 30 సెంట్లు. రేంజి ఫీజు 20, 25 డాలర్లు. నెలకోసారి వెళ్లి వంద రౌండ్లు కాల్చినా ఏడాదికి సుమారు 600 డాలర్లవుతుంది. అంటే ఏటా ఇంకో గన్ కొన్నంత. ఆ ఖర్చు బరువనిపిస్తే కొనకండి. సాధన లేని చేతిలో గన్ ఉండటం లేకపోవడం కంటే అధ్వానం.

రేంజికి వెళ్తే చెవుల రక్షణ మరవొద్దు. 9 ఎంఎం పేలుడు శబ్దం 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది. 140 దాటితే ఒక్క దెబ్బకే చెవి దెబ్బతినొచ్చు. నాలుగు గోడల మధ్య రేంజి అయితే చెవిలో ప్లగ్గులు పెట్టుకుని, పైన మఫ్స్ కూడా వేసుకోవాలి. పొగలో సీసం ఉంటుంది. చేతులూ మొహమూ చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి.

తాళం లెక్క

2021లో జరిగిన ఒక జాతీయ సర్వే ప్రకారం, తాళం వేయకుండా గుళ్లు నింపి ఉంచిన గన్ ఉన్న ఇళ్లలో 46 లక్షల మంది పిల్లలున్నారు. 2020 నుంచి అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ల వయసువాళ్ల మరణాలకి మొదటి కారణం తుపాకీయే. ‘మావాడు చిన్నపిల్లాడు, ట్రిగ్గర్ నొక్కే బలం ఎక్కడిది’ అనేవాళ్లకి 1995 నాటి అధ్యయనం ఒకటి జవాబు చెబుతుంది. పది పౌండ్ల బలం కావాల్సిన ట్రిగ్గర్‌ని రెండు వేళ్లతో లాగగల సత్తా 3, 4 ఏళ్ల పిల్లల్లో 25 శాతం మందికి, 5, 6 ఏళ్లవాళ్లలో 70 శాతం మందికి, 7, 8 ఏళ్లవాళ్లలో 90 శాతం మందికి ఉంది. ఇవాళ్టి పిస్టళ్లలో చాలావాటికి అందులో దాదాపు సగం బలం చాలు.

17 ఏళ్లలోపు పిల్లలకి గుళ్లు నింపిన గన్ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో 500 డాలర్ల దాకా జరిమానా. వాళ్లు కాల్చి ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. డీలర్ చేతి తుపాకీ అమ్మితే తాళం కూడా ఇవ్వాల్సిందే కాబట్టి పెట్టెలో ఒక కేబుల్ తాళం వస్తుంది. చాలా ఇళ్లలో అది కవరు కూడా విప్పకుండా అలాగే పడుంటుంది. ఇంకో 150, 200 డాలర్లు పెడితే కోడ్ నొక్కగానే తెరుచుకునే చిన్న సేఫ్ వస్తుంది. దాన్ని మంచానికో గోడకో బోల్టులతో బిగించండి, లేకపోతే దొంగ సేఫ్‌తో సహా ఎత్తుకుపోతాడు. కోడ్‌గా పిల్లల పుట్టినరోజు పెట్టొద్దు, వాళ్లు మొదట నొక్కేది అదే. బీరువాలో చీరల కింద, పూజగది పై అరలో దాచడం దాచడం కాదు. ఇంట్లో పిల్లలకి తెలియని చోటు ఉండదు.

ఖాళీ అనుకున్న గన్

రేంజిలో మొదటిరోజు నేర్పేవి నాలుగు సూత్రాలు. ప్రతి గన్‌లోనూ గుళ్లున్నాయనే అనుకో. కాల్చదలచుకోని దానివైపు గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. గురి వెనకాల ఏముందో చూసుకో.

వీటిలో మొదటిది ఎందుకంత ముఖ్యమో ఖాళీ చేసే పద్ధతి చూస్తే అర్థమవుతుంది. ముందు మ్యాగజైన్ (తూటాలుండే డబ్బా) ఊడదీయాలి. ఆ తర్వాత పిస్టల్ పైభాగమైన స్లైడ్‌ని పూర్తిగా వెనక్కి లాగి, అక్కడే ఆపి, చాంబర్ (తూటా పేలే అర) లోపలికి చూడాలి. వెలుతురు చాలకపోతే చిటికెనవేలు పెట్టి తడమాలి. ఈ వరస తిరగబడిందా, అంతే. మ్యాగజైన్ లోపలుండగానే స్లైడ్ లాగితే చాంబర్‌లోని తూటా బయటికి ఎగిరి పడుతుంది. అది నేలమీద కనిపించగానే ‘హమ్మయ్య, ఖాళీ’ అనిపిస్తుంది. కానీ స్లైడ్ ముందుకెళ్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాని లోపలికి తోసేసి ఉంటుంది. గ్లాక్ లాంటి పిస్టళ్లని శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. వరస తప్పినవాడు అప్పుడే నొక్కుతాడు.

ఇక నాలుగో సూత్రం. మన ఊళ్లో గోడంటే ఇటుకా సిమెంటూ. ఇక్కడి లోపలి గోడ అంటే కర్ర చట్రానికి అటూ ఇటూ అరంగుళం మందం డ్రైవాల్ పలక. 9 ఎంఎం తూటా అలాంటి గోడల్ని రెండు మూడింటిని దాటుకుని పోగలదు. మీ పడగ్గది తలుపు వైపు గురిపెడితే దాని వెనక ఎవరి గది ఉందో పగలే చూసి పెట్టుకోండి.

గడప దాటితే

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం అనర్హులు కానివాళ్లు లైసెన్స్ లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకోవచ్చు. అయినా లైసెన్స్ తీసుకోండి. ఫీజు 40 డాలర్లు, తరగతి 4 నుంచి 6 గంటలు. స్కూలుకి 1,000 అడుగుల లోపు గన్ ఉండకూడదన్నది ఫెడరల్ చట్టం. రాష్ట్ర లైసెన్సున్నవాళ్లకి, గుళ్లు తీసి తాళం వేసిన పెట్టెలో పెట్టుకున్నవాళ్లకి మినహాయింపు ఉంది. లైసెన్స్ లేకుండా గుళ్లు నింపిన గన్ కారులో పెట్టుకుని పిల్లల్ని స్కూలు దగ్గర దింపబోతే ఆ చట్టం మీకు తగులుతుంది.

కొన్ని బార్ల తలుపు మీద ఎర్రగా ‘51%’ అని ఉంటుంది. ఆ దుకాణం ఆదాయంలో 51 శాతమో అంతకంటే ఎక్కువో అక్కడే తాగే మద్యం మీద వస్తోందని అర్థం. గన్‌తో లోపలికెళ్తే పెద్ద నేరం, లైసెన్సున్నా అంతే. అలాగని కారులో వదిలేసి వెళ్లడమూ పరిష్కారం కాదు. దొంగలకి కారు అద్దం పగలగొట్టడం చిటికెలో పని. తాగే ఉద్దేశం ఉంటే గన్ ఇంటి సేఫ్‌లోనే ఉండాలి.

ఇంకో సంగతి, ఇండియా ప్రయాణం ముందు. రేంజికి తీసుకెళ్లే బ్యాగుని ఊరికి తీసుకెళ్లకండి. ఏ జేబులోనో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్లో కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసే. అక్కడ లైసెన్సున్నవాళ్లకి కూడా 2019 సవరణ తర్వాత రెండు తుపాకులే పరిమితి.

అవసరం పడితే

గన్‌తో ఆత్మరక్షణ ఎంత తరచుగా జరుగుతుందన్న దానిమీద పెద్ద వాదమే ఉంది. ఏడాదికి 25 లక్షల దాకా అని 1995లో క్లెక్, గెర్ట్జ్ అనే పరిశోధకులు ఫోన్ సర్వే మీద అంచనా కట్టారు. ప్రభుత్వం నేర బాధితుల్ని అడిగి తీసిన లెక్కలో, 2007 నుంచి 2011 దాకా ప్రాణం పోని హింసాత్మక నేరాల బాధితుల్లో దాదాపు 1 శాతం మందే గన్ వాడారు. నేను రెండో లెక్కనే ఎక్కువ నమ్ముతాను. ఎందుకంటే అందులో ముందు నేరం జరిగిందని తేలాకే గన్ సంగతి అడిగారు. ఇక గురి మాటకొస్తే, 1998 నుంచి 2006 దాకా ఎదురుకాల్పుల్లో న్యూయార్క్ పోలీసులు కాల్చిన గుళ్లలో తగిలినవి 18 శాతమేనని ర్యాండ్ సంస్థ తేల్చింది. వాళ్లు శిక్షణ పొందినవాళ్లు. అర్ధరాత్రి నిద్రమత్తులో లేచిన మనం అంతకంటే బాగా కాలుస్తామనుకోవడం వట్టి భ్రమ.

అందుకే నన్నడిగితే రక్షణ కోసం పెట్టే మొదటి వంద డాలర్లు గుమ్మం లైటు మీద, గట్టి గొళ్లెం మీద, డోర్‌బెల్ కెమెరా మీద పెట్టాలి. రాత్రి చప్పుడైతే గది తలుపు వేసుకుని 911కి ఫోన్ చేయాలి. ఇవన్నీ అయ్యాక, ఇంట్లో అందరూ ఒప్పుకుంటే, సాధనకి తీరికా డబ్బూ ఉంటే అప్పుడు గన్ కొనొచ్చు. కొనే రోజున సేఫ్ ముందు బిగించి, ఆ తర్వాతే షాపుకి బయల్దేరండి.