పాత నొప్పా, కొత్త గాయమా? నడుము కేసుల్లో తెగని చిక్కు

మార్కెట్ యార్డులో 50 కిలోల బస్తా ఎత్తబోయిన ఒక హమాలీకి నడుము పట్టేసిందనుకుందాం. రెండు వారాలు పడుకుని లేచి మళ్ళీ పనిలోకి వచ్చాడు. ఎనిమిది నెలల తర్వాత మరో బస్తా ఎత్తుతుండగా అదే చోట నొప్పి మొదలైంది. ఈసారి అది కాలి దాకా పాకింది. పరిహారం అడిగితే యజమాని తరఫువారు ఎం.ఆర్.ఐ. నివేదిక ముందు పెట్టి, “డిస్కు అరిగింది వయసు వల్ల, పని వల్ల కాదు” అంటారు. కార్మికుడి తరఫువారు అదే నివేదికను చూపించి పనిలోనే దెబ్బతిందంటారు. ఎవరి మాట నిజం?

ముందు బరువు సంగతి చూద్దాం. వంగి బరువు ఎత్తేటప్పుడు మన నడుము ఒక మీటలా పనిచేస్తుంది. చేతుల్లోని బస్తా వెన్నెముకకు దాదాపు 40 సెంటీమీటర్ల ముందు ఉంటే, దాన్ని ఆపే వీపు కండరాలు వెన్నెముకకు సుమారు 5 సెంటీమీటర్ల వెనుక ఉంటాయి. అంటే కండరాలు బస్తా బరువుకు ఎనిమిది రెట్లు, 400 కిలోలకు సమానమైన బలంతో లాగాలి. ఒంటి పైభాగపు బరువు దీనికి అదనం. ఈ ఒత్తిడంతా పడేది నడుము కింది డిస్కుల మీదే. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ డిస్కుపై ఒత్తిడికి 3,400 న్యూటన్లను, అంటే సుమారు 350 కిలోల బరువును హెచ్చరిక గీతగా పెట్టుకుంది. ఆ సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలే.

ఒకసారి పట్టిన నడుము మళ్ళీ ఎందుకు పడుతుంది? వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులో లోపల మెత్తటి గుజ్జు, చుట్టూ పీచు వలయాలు ఉంటాయి. పెద్దవారిలో డిస్కు లోపలికి రక్తనాళాలు దాదాపు ఉండవు. పోషకాలు పక్కనున్న ఎముక నుంచి మెల్లగా ఇంకుతూ చేరాలి. అందుకే వలయాల్లో పడిన చీలిక చర్మం మీది గాయంలా త్వరగా పూడదు. మరో కారణం కండరాలది. వెన్నుపూసలను పట్టి ఉంచే మల్టీఫిడస్ అనే లోపలి కండరం మొదటి నొప్పితోనే సన్నబడుతుంది. నొప్పి తగ్గినా, తగిన వ్యాయామం లేకపోతే అది తనంతట తాను పూర్తిగా కోలుకోదని పరిశోధనల్లో తేలింది. ఇదివరకు నడుము నొప్పి వచ్చినవారికే మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. నొప్పి తగ్గినంత మాత్రాన గాయం మానినట్టు కాదన్నమాట.

ఇక ఎం.ఆర్.ఐ. సంగతి. నడుము నొప్పి లేని 3,110 మంది చిత్రాలపై జరిగిన అధ్యయనాలను కలిపి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. దాని అంచనా ప్రకారం ఏ నొప్పీ లేకపోయినా 20 ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపిస్తుంది. ఫిన్లాండ్ కవలలపై సాగిన పరిశోధనలు అరుగుదలలో వంశపారంపర్యం పాత్ర పెద్దదని చూపించాయి. కాబట్టి అరుగుదల కనిపించింది కనుక పనిలో దెబ్బ తగిలిందనడం తప్పు. అదే లెక్కతో, అరుగుదల ఉంది కనుక పనికి సంబంధం లేదనడమూ తప్పే. అరిగిన డిస్కుతోనే నిన్నటిదాకా బస్తాలు మోసిన మనిషి ఈ రోజు ఎందుకు మోయలేకపోతున్నాడన్నది అసలు ప్రశ్న. దానికి ఒక్క ఎం.ఆర్.ఐ. చిత్రం జవాబు చెప్పలేదు.

మన దేశంలో ఈ తగాదాలకు దశాబ్దాల పాటు ఆధారం 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. దాని నిబంధనలను ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. ఈ.ఎస్.ఐ. పరిధిలోని వారికి దారి వేరు. వారి వైకల్యాన్ని మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. 1923 చట్టంలో బొటనవేలు పోతే 30 శాతం అంటూ గాయాల జాబితా ఉంది. నడుముకు అందులో చోటు లేదు. జాబితాలో లేని గాయానికి సంపాదన శక్తి ఎంత తగ్గిందో వైద్యుడు అంచనా వేయాలి. తగాదా తరచూ మొదలయ్యేది ఇక్కడే. పైగా చట్టం ‘ప్రమాదం’ అనే మాట చుట్టూ తిరుగుతుంది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జరిగిన నష్టం ఆ మాటలో సులువుగా ఇమడదు.

అయితే పాత జబ్బు ఉన్నంత మాత్రాన తలుపు మూసుకుపోదు. గల్లంతైన ఒక నావికుడి కేసులో 1969లో సుప్రీంకోర్టు, పని కూడా ఒక కారణమైనా, మరణాన్ని త్వరపరిచినా యజమానికి బాధ్యత ఉంటుందన్న సూత్రాన్ని గుర్తించింది. 1975లో ఎడమ చెయ్యి కోల్పోయిన వడ్రంగి విషయంలో, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనుక అది పూర్తి వైకల్యమేనని తేల్చింది. ఇదే తర్కాన్ని నడుముకు అన్వయిస్తే, బల్ల దగ్గర కూర్చునే గుమాస్తాకు చిన్న ఇబ్బంది అయిన నొప్పి బస్తాలు మోసేవారికి బతుకుతెరువునే తీసేయగలదు.

చివరికి కేసు నిలబడేది రాతకోతల మీద. మొదటిసారి నొప్పి వచ్చిన రోజే మేస్త్రీకి చెప్పి నమోదు చేయించడం, ఓ.పీ. చీటీలో ఏ పని చేస్తుండగా వచ్చిందో రాయించడం, తిరిగి పనిలో చేరిన తేదీ, అప్పుడు మోయగలిగిన బరువు దాచుకోవడం ముఖ్యం. వైద్యుడు కూడా చిత్రంతో ఆపకుండా కాలి బలం, స్పర్శ, నరాల ప్రతిస్పందన, వంగగలిగే మేర పరీక్షించి రాస్తే ముందుకూ ఇప్పటికీ తేడా కనిపిస్తుంది. హమాలీలకు మరో చిక్కు ఉంది. రోజుకో వ్యాపారి దగ్గర పనిచేసేవారికి యజమాని ఎవరో చూపించడమే కష్టం. మహారాష్ట్ర 1969లో, కేరళ 1978లో బరువులు మోసే కార్మికుల కోసం ప్రత్యేక చట్టాలు తెచ్చింది ఇలాంటి ఇబ్బందుల వల్లే. బస్తా బరువు తగ్గించడం, ట్రాలీలు సమకూర్చడం, నొప్పి తగ్గాక కొన్నాళ్లు తేలిక పని ఇవ్వడం రెండో గాయాన్ని ఆపగల మార్గాలు. వాటికయ్యే ఖర్చు, ఏళ్ల తరబడి సాగే వ్యాజ్యం ముందు చిన్నదే.