అన్నము వండు జపాను యంత్రము

మొలగొలుకుల బియ్యమునకు పేరొందిన నెల్లూరు సీమలో గృహిణి నేర్పు అన్నపు మెతుకునందే తెలియును గదా! పొయ్యి కడ నిలుచు శ్రమను తగ్గించు విద్యుత్తు కుక్కరును 1955లో జపాను దేశపు తోషిబా సంస్థ విపణికి దెచ్చినది. దానిని రూపొందించినది చిన్న కర్మాగారపు యజమాని మినామి యోషితద; పలుమారులు బియ్యము వండి, కాలమును వేడిమిని కొలిచి వ్రాసినది ఆయన భార్య ఫుమికో. వెలుపలి గిన్నెలోని నీరు సుమారు 20 నిమిషములలో ఆవిరియై తీఱగనే వేడిమి 100 డిగ్రీలు మించును. అంతట విద్యుత్తు తనంతట తానే యాగును.

యంత్రముమీద సంస్థ పేరే కలదు, ఆమె పేరు లేదు. వంటింటి యనుభవమును శాస్త్రజ్ఞానముగా నెంచవలెనని మేము కోరుచున్నాము. సోదరీమణులారా! కొత్తబియ్యమునకు, పాతబియ్యమునకు నీటి కొలత వేఱు. అది ఆ యంత్రమునకు తెలియదు, మీ చేతికే తెలియును.