బిళ్ళగన్నేరు మూలుగలో చేసే పని

షుగరు తగ్గుతుందని పొద్దున్నే పరగడుపున నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు నమిలేవాళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. జమైకాలోనూ ఇదే నమ్మకంతో ఆ ఆకుల కషాయం తాగేవారు. 1952లో అక్కడి నుంచి వచ్చిన పాతిక ఆకులు కెనడాలో డాక్టర్ క్లార్క్ నోబుల్ చేతికి, ఆయన నుంచి తమ్ముడు రాబర్ట్ పరిశోధనశాలకు చేరాయి.

ఆ ఆకుల రసం ఎలుకలకు తాగిస్తే షుగరు తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే కొద్దిరోజులకే ఒంట్లో చీముగడ్డలు లేచి చచ్చిపోయాయి. రక్తం చూస్తే తెల్లకణాలు పడిపోయి ఉన్నాయి. వాటిని తయారుచేసే ఎముక మూలుగే దెబ్బతింది. అలాంటప్పుడు తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగిపోయే బ్లడ్ క్యాన్సర్‌కు ఇదే మందు కావచ్చు కదా! రాబర్ట్‌తో కలిసి పనిచేసిన చార్లెస్ బీర్ ఆకులోంచి విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని విడదీశాడు. 1958లో ఆ సంగతి లోకానికి తెలిసింది. అదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ పిల్లల లుకేమియా చికిత్సలో నేటికీ ముఖ్యమైన మందు. ఈ కథలో నన్ను కదిలించేది ఆ ఎలుకల చావును వాళ్ళు అంత శ్రద్ధగా చూడటమే.

ఒక కణం రెండు కావాలంటే క్రోమోజోములు నడిమధ్య బారుతీరాలి, సన్నని గొట్టాలు వాటిని చెరోవైపుకు లాగాలి. ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటేనే ఆ గొట్టం నిలబడుతుంది. విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ రెండూ ఆ ముక్కలనే పట్టుకుంటాయి. గొట్టం లేవదు, విభజన సగంలో ఆగుతుంది, కణం చనిపోతుంది. క్యాన్సర్ కణమా, మంచి కణమా అని మందు చూడదు. మూలుగ రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలను తయారుచేస్తుంది. నిత్యం విభజన జరిగే చోటు కాబట్టే దానికి దెబ్బ ఎక్కువ. ఎర్రకణం నాలుగు నెలలు బతుకుతుంది, ఆ లోటు వెంటనే కనబడదు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల ఆయుష్షు చాలా తక్కువ, అందుకే ముందు అవే తగ్గుతాయి. విన్‌బ్లాస్టిన్ ఇచ్చాక 5 నుంచి 10 రోజుల మధ్య బాగా పడిపోతాయి. విన్‌క్రిస్టిన్ మూలుగను చాలావరకు వదిలేస్తుంది కానీ, నరాల్లోనూ అవే గొట్టాలు ఉంటాయి గనుక తిమ్మిర్లు, మలబద్ధకం తెస్తుంది.

ఆసుపత్రిలో ఈ మందులను ఒంటి కొలతను బట్టి మిల్లీగ్రాముల లెక్కన, రక్తపరీక్ష చూసుకుని ఇస్తారు. ఇంట్లో కాచిన కషాయంలో ఏది ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. ఆ ఆకులో వందకు పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. కీమో తీసుకుంటున్నవారు ఏ ఆకు రసం తాగుతున్నా డాక్టరుకు దాచకుండా చెప్పాలి. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, దాటినా తెల్లారేదాకా ఆగకూడదు, రాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి.