పచ్చి చెక్కతో బల్ల చేస్తే కూసాలు కదులుతాయి!

మొగుడంపల్లి : (మా విలేఖరి)

గాలివానకు పెరట్లో వేప కూలినా, పొలం గట్టున తుమ్మ ఎండినా, ఆ మొద్దుతో ఇంట్లో ఒక పనిబల్ల చేసుకుంటే బాగుండునని చాలామంది రైతులు అనుకుంటారు. పార కామ అయినా, తలుపు రెక్క అయినా బాగుచేసుకోవాలంటే గట్టి బల్ల కావాలి. నేలమీద కూర్చుని కాలితో చెక్కను అదిమిపట్టి పనిచేయడం మన పల్లె వడ్రంగుల పాత అలవాటు. నిలబడి పనిచేసే బల్ల ఉంటే నడుముకు, మోకాళ్లకు శ్రమ తగ్గుతుంది. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన విశ్వకర్మ పథకంలో వడ్రంగులతో సహా 18 వృత్తులవారికి పనిముట్ల కోసం రూ. 15 వేల వరకు సాయం పెట్టారు. అయితే రంద ఎంత పదునుదైనా కింద బల్ల ఊగితే పని సాగదు.

ఇది ఈ విలేఖరికి అనుభవమే. కూలిన వేపను కోయించి, నెల తిరగకుండానే బల్ల చేయించడం జరిగింది. ఎండాకాలం వచ్చేసరికి పైపలకలు దోనెలా వంగాయి. కాళ్ల కూసాలు బెజ్జాల్లో వదులై కదలసాగాయి. కలపా పోయింది, కూలీ పోయింది. తప్పు చెట్టుదీ కాదు, చేసినవారిదీ కాదు, ఆగలేని తొందరది.

ఎందుకు వంగుతుంది?

పచ్చి చెక్కలోని నీరు పోయేకొద్దీ చెక్క కుదించుకుపోతుంది. పొడవులో తగ్గేది లెక్కలోకి రాదు; అడ్డంగానే తగ్గుతుంది. అందులోనూ మొద్దు కొనపై కనిపించే చుట్ల వెంబడి తగ్గేది, నడిమి నుంచి బెరడు వైపు తగ్గేదానికి దాదాపు రెట్టింపు. ఈ తేడావల్లనే పలక వంగుతుంది. మొద్దు నట్టనడిమి భాగం పలకలో ఉండిపోతే అక్కడినుంచే పగుళ్లు పుడతాయి. బెరడు కింది తెల్లచెక్కను పురుగు తొలిచి పొడి రాలుస్తుంది. కనుక నడిమిని, తెల్లచెక్కను వదిలి, చేవ ఉన్న చెక్కనే బల్లకు వాడాలి.

కోతలో జాగ్రత్త

నిలిచి ఉన్న చెట్టును కొట్టేముందు, 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలో లేదో అటవీ సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. కోత చలికాలంలో పెట్టుకుంటే మేలు. ఎండలు ముదిరాక కోస్తే పైపైన త్వరగా ఆరి చెక్క చీలుతుంది. రెండంగుళాల పలక కావాలంటే రెండున్నర అంగుళాలకు కోయించాలి. కొనలు చీలడం మామూలే గనుక పొడవులో ఇరువైపులా మూడేసి అంగుళాలు అదనంగా ఉంచాలి. కోసిన రోజే రెండు కొనలకూ రంగుగాని, మట్టి కలిపిన పేడగాని దట్టంగా పూయాలి. కొనల నుంచే నీరు త్వరగా పోతుంది కాబట్టి ఈ పూత పగుళ్లను తగ్గిస్తుంది.

ఆరబెట్టే తీరు

పలకలను ఎండలో పడేయరాదు, గోడకు చేరవేయరాదు. గాలి ఆడే నీడలో, నేలకు అడుగు ఎత్తున ఇటుకలపై సమంగా పేర్చాలి. వరుసకూ వరుసకూ మధ్య రెండడుగులకొకటి చొప్పున అంగుళం మందం బద్దలు పెట్టాలి. కింది బద్దకు సరిగ్గా పైనే పై బద్ద ఉండాలి. అది తప్పితే పలక అక్కడే వంగుతుంది. పైన రాళ్ల బరువు పెట్టి, వాన తగలకుండా కప్పు వేయాలి.

అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. మన ఎండలకు ఇంకా ముందే ఆరవచ్చు. అయితే నాలుగంగుళాల కాళ్లు పలకలకంటె చాలా ఆలస్యంగా ఆరతాయి. ఒక ముక్కకు గుర్తుపెట్టి 15 రోజులకోసారి తూకం వేయాలి. బరువు తగ్గడం ఆగితే ఆరినట్లే. వానాకాలపు తూకాన్ని మాత్రం నమ్మరాదు. ఆ రోజుల్లో గాలిలోని తేమకే బరువు పెరుగుతుంది.

సాపు చేసే వరుస

ఆరిన చెక్కకు ముందుగా ఒక ముఖం సాపు చేయాలి. పలక రెండు కొనల మీద తిన్నని బద్దలు ఒక్కొక్కటి అడ్డంగా నిలిపి, ఒక కంటితో చూడాలి. రెండు బద్దల అంచులూ ఒకే వరుసలో కనిపించకపోతే పలక మెలి తిరిగినట్లు. ఎత్తున్న మూలల్ని రంద పట్టాలి. తరువాత ఆ ముఖానికి మూలమట్టం ఆనించి ఒక అంచు సరిచేయాలి. ఆ రెంటినీ ఆధారం చేసుకుని మందానికి, వెడల్పుకు గీతలు గీసి మిగతా పక్కలు తీయాలి. పొడవు కోయడం అన్నిటికంటె చివర.

ఇంత ఓపిక పడితే ఇంటి మొద్దే ఏళ్ల తరబడి నిలిచే బల్ల అవుతుంది. తొందరపడితే ఆ కలప చివరికి పొయ్యిలోకే పోతుంది.