చివర్లు మూసిన ప్లాస్టిక్

చేపల, రొయ్యల పరాన్నజీవులకు వాడే ఫార్మలిన్ దివిసీమ చెరువులవాళ్లకు కొత్త కాదు. డబ్బా చాలాకాలం చల్లటి మూల పడి ఉంటే అడుగున తెల్లటి మడ్డి చేరుతుంది. మందు పాడైందని విసుక్కుంటాం గానీ, అది ఫార్మాల్డిహైడ్ అణువులు తమంతట తాము గొలుసు కట్టుకోగా ఏర్పడిన పదార్థం. వేడిచేస్తే గొలుసు విడిపోయి, కళ్లు మండించే అదే వాయువు మళ్లీ లేస్తుంది.

రష్యా రసాయనవేత్త బట్లెరోవ్ 1859లోనే దీన్ని చూశాడు. వస్తువులు చేసే ప్లాస్టిక్‌గా మారడానికి మాత్రం మరో వందేళ్లు పట్టింది. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పూసల దండకు కొక్కెం ఊడితే ఏమవుతుందో తెలిసినవారికి దీని రోగం వివరించక్కర్లేదు. మధ్యలో తెగకపోయినా చివరనుంచి ఒక్కొక్క పూసా జారిపోతుంది. ఈ గొలుసు పదార్థం, అంటే పాలిమర్, కరిగేది సుమారు 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర. చివర్లు తెరిచి ఉన్న గొలుసు అంతదాకా నిలవదు. కరిగించలేనిదాన్ని అచ్చులో ఎలా పోస్తాం?

చివర్లు మూస్తే వేడికి ఆగుతుందని జర్మన్ శాస్త్రవేత్త స్టౌడింగర్ 1920లలోనే గ్రహించాడు. కానీ ఆయన చేసిన గొలుసులు పొట్టివి, పెళుసువి. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఫార్మాల్డిహైడ్‌ను బాగా శుద్ధిచేసి, తేమ లేకుండా చూసి పొడవాటి గొలుసులు సాధించింది. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో వాటి చివర్లు మూసింది. అదే డెల్రిన్; 1960లో ఫ్యాక్టరీలో దాని తయారీ మొదలైంది.

మరో కంపెనీ సెలనీజ్ దారి ఇంకా తెలివైనదని నా అభిప్రాయం. గొలుసులో అక్కడక్కడా రెండు కార్బన్ల లంకె కలిపింది. విడిపోవడం మొదలైనా ఆ లంకె దగ్గర ఆగిపోతుంది. వదులుగా ఉన్న చివర్లను ఫ్యాక్టరీలోనే కావాలని రాలగొట్టేస్తారు. ఈ రకం క్షారాలను బాగా తట్టుకుంటుంది. గట్టిదనంలో మాత్రం డెల్రిన్ ఒక మెట్టు పైన.

అయినా ఆమ్లం, ఆక్సిజన్ గొలుసును నడుమ తెంచి కొత్త చివర్లు పుట్టించగలవు. అందుకే ప్లాస్టిక్ గింజల్లో యాంటీఆక్సిడెంట్లు, వెలువడిన వాయువును పట్టేసే నైలాన్ వంటివి కలుపుతారు. జిప్పు పళ్లు, చిన్న గేర్లు వంటివి ఈ ప్లాస్టిక్‌తో తయారవుతాయి.

మచిలీపట్నం, గుడివాడల్లో మౌల్డింగ్ యంత్రం పెట్టాలనుకునే కుర్రాళ్లకు ఒక్క మాట. పీవీసీ నడిపిన బ్యారెల్‌ను పూర్తిగా శుభ్రం చేయకుండా ఈ ప్లాస్టిక్ (అసిటాల్) గింజలు పోయకండి. పీవీసీ వేడికి వదిలే ఆమ్ల వాయువు హైడ్రోజన్ క్లోరైడ్ చాలు, బ్యారెల్ నిండా ఫార్మాల్డిహైడ్ వాయువు కమ్మి పీడనం పెరగడానికి. వెంటిలేషన్ లేని షెడ్డులో ఈ పని అసలే పెట్టుకోవద్దు.