వార్తల్లో పదం: వెన్నుమత్తు తలనొప్పి

సిజేరియన్ అయిన ఒకటి రెండు రోజులకు బాలింత బిడ్డకు పాలివ్వడానికి లేచి కూర్చుంటుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, మెడ పట్టేస్తుంది. పడుకుంటే నెమ్మదిస్తుంది, లేస్తే మళ్లీ మొదలు. ‘పచ్చి ఒళ్లు కదా, మామూలే’ అని ఇంట్లోవాళ్లు సర్దిచెబుతారు. అలా వదిలేయొద్దు, మత్తు డాక్టరుకు చెప్పాలి.

సిజేరియన్‌కు వెన్నుమత్తు ఇచ్చేటప్పుడు సూదిని వెన్నుపాము చుట్టూ ఉన్న పొర దాటించి, లోపలి ద్రవంలో మందు వదులుతారు. సూది చేసిన రంధ్రం వెంటనే పూడకపోతే ద్రవం కారిపోతుంది. దాని దన్ను తగ్గిన మెదడు, మనిషి లేచినప్పుడు కాస్త కిందికి జారుతుంది.

1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఈ మత్తుకు నాంది పలికిన ఆగస్ట్ బియర్, తన మీదే ప్రయోగం చేయించుకుని ఇదే తలనొప్పితో తొమ్మిది రోజులు మంచానపడ్డాడు. ఇప్పుడు సన్నటి, పెన్సిల్ మొన సూదులతో ఈ బాధ బాగా తగ్గింది. వచ్చినా చాలామందికి వారం పది రోజుల్లో పోతుంది. మరీ తీవ్రమైతే ‘బ్లడ్ ప్యాచ్’ ఉంది: రోగి చేతినుంచి తీసిన రక్తాన్నే వెన్నులో ఆ పొర వెలుపల ఎక్కిస్తారు, అది గడ్డకట్టి రంధ్రాన్ని మూసేస్తుంది.

జ్వరం, వస్తువులు రెండుగా కనిపించడం, కాళ్లలో బలం తగ్గడం ఉంటే మాత్రం క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.